డ్రమ్ముకి తిండి

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ దిండు కాస్త అటు తోసి. కళ్ళజోళ్లాయన తన డ్రమ్ముకి తిండి పెట్టలేక పడిన అవస్థ చెప్తాను, వినండి.

ఆయన కళ్ళజోళ్ల దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసేవాడు. తిరిగే చక్రానికి అద్దం అంచు ఆనించడం, మొహాన చిమ్మిన నీళ్ళు మోచేత్తో తుడుచుకోవడం, అద్దాన్ని వెలుతురుకెత్తి చూసుకోవడం, పొద్దస్తమానం ఇదే. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ నోట్లో నాలుక లేనివాడు. నలుగురిలో లేచి నాలుగు మాటలు మాట్లాడాలి, వాళ్ళు చెవులప్పగించి వినాలి, అది ఆయన మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరిక.

వాళ్ళ అపార్ట్‌మెంటులో భూమిని కాపాడుకుందాం అని కమిటీవాళ్ళు ఒక మాట ఎత్తుకున్నారు. ఇంకేముంది, అందరూ కొనడం మీద పడ్డారు. ఒకరు వెదురు దువ్వెనలు, ఒకరు గాజు సీసాలు, ఒకరు గుడ్డసంచుల మీద గుడ్డసంచులు. బంగారంలాంటి పాత డబ్బాల్ని, ప్లాస్టిక్‌వి కదా అని, బయట పారేశారు. భూమిని కాపాడిన ఆ వారమే గేటు దగ్గర చెత్తకుప్ప మనిషెత్తు లేచింది.

మనవాడు ఊరుకుంటాడా? చెత్తని ఎరువు చేసే డ్రమ్మొకటి కొనుక్కొచ్చాడు. పచ్చరంగు, తిప్పడానికి ఓ పిడి, కింద ఓ తలుపు. ఆ ధైర్యంతోనే మీటింగులో లేచి నిలబడ్డాడు. కింద కమిటీవాళ్ళు వేసిన కూరగాయల మడికి మూడు నెలల్లో మొదటి బకెట్టు ఎరువు మా ఇంటినుంచే, అందరూ వచ్చి చూడండి అనేశాడు. చప్పట్లు కొట్టారు. ఆ రోజు మెట్లెక్కి వచ్చాడో గాల్లో తేలి వచ్చాడో ఆయనకే తెలీదు.

డ్రమ్ముని బాల్కనీలో పెట్టాడు, వాళ్ళావిడ కూర్చునే స్టూలు తీసేసి మరీ. సాయంత్రం మూత తెరిచి, ఇవాళ్టి చెత్త తెమ్మన్నాడు. ఆవిడ అరచేతిలో రెండు ఉల్లిపొట్టు రేకులు తెచ్చి వేసింది. మిగతాదేదీ అన్నాడు. మిగతాదేముంటుందండీ అంది.

నిజమే మరి. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఒకరిని మించినవాళ్ళు ఒకరు. బంగాళాదుంప తొక్కలు వేయించి పిల్లలకి పెడతారు. కాడలు చారులోకి పోతాయి. గుడ్డుపెంకులతో గిన్నెలు తోముతారు, నారింజ తొక్కలెండబెట్టి బట్టల బీరువాలో పెడతారు. మరక పడిన చొక్కా దిండుగలీబై, చిరిగిన గలీబు మసిగుడ్డై, ఆ మసిగుడ్డ పీలికలయ్యాక గానీ వదిలిపెట్టరు. అలాంటి ఇంట్లో డ్రమ్ము ఏం తిని బతుకుతుంది?

దాంతో ఈయన చెత్త వేటకి బయల్దేరాడు. దుకాణంలో అందరి మధ్యాహ్నపు డబ్బాలూ అయ్యేదాకా కాచుకుని తొక్కలు అడిగి పట్టుకునేవాడు. ముందు గదిలో ఫ్రేములమ్మే కుర్రదైతే, అరటిపండు తినబోతూ, అన్నయ్యా, తొక్క నీకు, పండు నాకు, సరేనా అని ఏడిపించేది. చాలక స్కూటరు మీద ఊరవతల మార్కెట్టుకి పోయి, వాడిన ఆకులు సంచుల్లో కుక్కి తెచ్చేవాడు. అదీ మేకలవాడు ముందొచ్చి ఎత్తుకుపోకపోతేనే.

వాళ్ళావిడ చూసి చూసి ఒకరోజు అంది, "డ్రమ్ముకి చెత్త కావాలి, చెత్తకి బండి కావాలి, బండికి పెట్రోలు కావాలి. ఇంతకీ మనం కాపాడేది ఎవర్నండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

గడువు దగ్గరపడింది, వచ్చే ఆదివారమే అందరూ చూడ్డానికొచ్చేది. డ్రమ్ము అడుగు కూడా నిండలేదు, వేసిందల్లా ఎండి గలగలమంటోంది. ఆ కంగారులో ఏం చేశాడంటే, నవనవలాడే ఆకుకూర కట్టలూ దోసకాయలూ కొనుక్కొచ్చి, పొద్దున్నే బాల్కనీలో కూర్చుని సన్నగా తరగడం మొదలెట్టాడు. వాళ్ళమ్మ చూసింది. నా కొడుక్కి ఇన్నాళ్ళకి వంటింటి పని మీద మనసైందని పొంగిపోయింది పాపం. తరిగిందంతా డ్రమ్ములోకి పోతుంటే అప్పుడడిగింది.

"అందులో ఎందుకురా?"

"ఎరువు కోసమమ్మా."

"ఎరువెందుకు?"

"కింద మడికి."

"మడిలో ఏం కాస్తాయి?"

ఆవిడ కొడుకు చేతిలో మిగిలిన దోసకాయ ముక్క తీసుకుని, కొరికి, నములుతూ లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకీ నవ్వాగలేదు. కానీ నవ్వితే ఆదివారం ఆగుతుందా?

ఈ సంగతి విని ఫ్రేములమ్మాయి ఓ ఉపాయం చెప్పింది. మొక్కల కొట్లో ఎరువు బస్తా దొరుకుతుంది, తెచ్చి డ్రమ్ములో పోసి, కింది తలుపులోంచి తీసి చూపించు, ఎవరొచ్చి వాసన చూస్తారు అంది. ఆయన కొట్టుదాకా వెళ్ళాడు కూడా. బస్తా స్కూటరు మీదికి ఎత్తించుకుని, కాసేపలాగే నిలబడి, మళ్ళీ దింపించేశాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళ ముందు ఆ బకెట్టు పట్టుకుని నిలబడే మొహం ఆయనకి లేదు.

ఆదివారం కమిటీవాళ్ళంతా వచ్చారు. ఆ చిన్న బాల్కనీలో కాలు పెట్టే చోటు లేదు. ఈయన ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎరువు తయారవలేదండీ," అన్నాడు. "మా ఇంట్లో అసలు చెత్తే లేదు. మా అమ్మా, మా ఆవిడా ఏదీ చెత్త కానివ్వరు. ఇన్నేళ్ళూ అది నా కళ్ళకి ఆనలేదు. భూమికి మేలు చెయ్యాలంటే ఏదో ఒకటి కొనాలనుకున్నాను. అనవసరంగా కొన్నాను."

వెదురు దువ్వెనలావిడ చేతిసంచీ సర్దుకుంది. ఆఖరికి కింది అంతస్తులో క్యారియర్లు కట్టి పంపే వంటాయన అందుకున్నాడు. మా ఇంట్లో రోజూ గంపెడు తొక్కలు పోతున్నాయి, ఆ డ్రమ్మేదో మాకివ్వండి, మీకు పుణ్యముంటుంది అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆడవాళ్ళు వంటింట్లోకి దూరి, ఏం చేస్తారు, ఎలా చేస్తారు అని అత్తాకోడళ్ళని ఒకటే ప్రశ్నలు. వాళ్ళావిడకి సిగ్గు ముంచుకొచ్చింది. మేమేం కాపాడలేదండీ, పారేయడానికి మనసొప్పదు, అంతే అంది.

సాయంత్రానికి డ్రమ్ము కిందికి వెళ్ళిపోయింది. బాల్కనీ అంతా ఖాళీ. ఆవిడ స్టూలు మీద, ఈయన గడప మీద కూర్చుని, కింద వంటాయన డ్రమ్ము తిప్పుతుంటే చూస్తున్నారు. ఆవిడ ఇటు తిరక్కుండానే అంది, "ఇవాళ బాగా మాట్లాడారు."

ఆయనకి ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయింది.

భూమి బాగుపడిందా అని నన్నడక్కండి, నాకు తెలీదు. ఆ ఇల్లు మాత్రం చల్లగా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండర్రా. రేపు మీ ఇంటికి ఎవరైనా పచ్చరంగు వస్తువేదైనా మోసుకొస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఈ డ్రమ్ము కథ చెప్పండి. కొనడం మానమని చెప్పక్కర్లేదు, కథ చెప్పండి చాలు.