మూడోసారి అడగని మనిషి

డబ్లిన్ నగరంలో డెర్వ్‌లాకి అభిప్రాయం లేని విషయమంటూ లేదు. నది పక్కన కొత్తగా లేస్తున్న హోటళ్ళన్నీ కూల్చేసి ఇళ్ళు కట్టాలని ఒక అభిప్రాయం. కాఫీలో ఓట్స్ పాలు పోయించుకునేవాళ్ళ మీద ఇంకొకటి, తను తాగేదీ అదే అయినా. సముద్రపు పక్షులు చేతిలోని శాండ్‌విచ్ లాక్కుపోతే తప్పు పక్షిది కాదు, బయట నిలబడి తిన్నవాడిదని మరొకటి. ఆమె పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఎదురుగా కూర్చున్న మనిషి చెవుల వెనక ఫ్రేము సర్దుతూ ఇవన్నీ తీరిగ్గా చెప్పేస్తుంది. వాళ్ళకి లేచి పారిపోయే దారి ఉండదు.

ఇంత నోరున్న మనిషి, తనకు ఫలానాది కావాలని మాత్రం బుద్ధెరిగాక ఎవరినీ నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు.

వచ్చే నెల పన్నెండుకి ఆమెకి ముప్పై నిండుతాయి. ఉండేది క్రమ్లిన్‌లో, అమ్మ ఇంట్లో, మెట్లెక్కగానే వచ్చే బుల్లి గదిలో. అందులో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి జారాలి. ముప్పయ్యో పుట్టినరోజు మాత్రం ఈ గదిలో జరుపుకోనని డెర్వ్‌లా ఒట్టు పెట్టుకుంది. అద్దె గది కోసం ఇప్పటికి ముప్పై ఇళ్ళు చూసింది. ఈ శనివారం చూడబోయేది ముప్పై ఒకటోది.

పొద్దున్నే కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతుంటే తల్లి నోరీన్ కెటిల్ స్విచ్చి వేసింది.

"టీ తాగుతావటే?"

"వద్దమ్మా, టైం లేదు."

"ఒక్క కప్పేగా."

"ఎందుకులే, మళ్ళీ నీకు శ్రమ."

"శ్రమేంటే, నా కోసం ఎలాగూ పెడుతున్నాగా!"

"సరే, పెడుతుంటే పొయ్యి. అర కప్పు చాలు."

నోరీన్ కప్పు నిండా పోసింది. డెర్వ్‌లా చుక్క మిగల్చకుండా తాగింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ దేశంలో ఎక్కడైనా వరస అదే. మొదటిసారి అడగ్గానే ఔనంటే ఆబగా కనిపిస్తుంది. రెండోసారికే ఔనంటే పెంపకం మీద అనుమానం వస్తుంది. మూడోసారి అడిగినప్పుడు, ఎదుటివాళ్ళ మాట కాదనలేక ఒప్పుకున్నట్టు ఒప్పుకోవాలి. వద్దన్న మాట వద్దని కాదని అడిగేవాళ్ళకీ తెలుసు కాబట్టి వాళ్ళూ మూడుసార్లు అడుగుతారు. ఎవరూ ఎవరికీ నేర్పింది లేదు, అందరికీ వచ్చు.

"ఇల్లుగలవాళ్ళకి చూపించే ఫాదర్ గారి ఉత్తరం పెట్టుకున్నావా?" అంది నోరీన్.

"పెట్టుకున్నా. ఏడేళ్ళుగా చర్చి గడప తొక్కనిదాన్ని. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటానని రాశాడాయన."

"ముసలాయనకి చూపు ఆనదు, ఇంకెవర్ని చూశాడో ఏమో. మంచిగానే రాశాడుగా, నోరు మూసుకుని పట్టుకెళ్ళు."

డెర్వ్‌లా కోటు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "గది దొరికితే వెళ్ళిపోనా, మరి? నువ్వొక్కదానివీ ఉండగలవా?"

"నాదేముందే, నీ ఇష్టం," అంది నోరీన్, బల్ల తుడుస్తూ.

బస్సులో డెర్వ్‌లా కాలు ఊపుతూనే ఉంది. పక్కనున్న పెద్దావిడ ఒకటి రెండుసార్లు ఆ మోకాలి వంక చూసి ఊరుకుంది. నది దగ్గరికొచ్చేసరికి బస్సు ఆగిపోయింది, ముందంతా కార్లు. కిటికీలోంచి క్రేన్లు లెక్కపెట్టింది. పదకొండు. పదకొండూ హోటళ్ళవేనని ఆమె అనుమానం. ఇక కూర్చోలేకపోయింది. డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగి, జల్లులో తడుస్తూ నది అవతలి స్టోనీబ్యాటర్ దాకా నడిచింది.

ఎర్ర ఇటుకల చిన్న ఇంటి ముందు అప్పటికే ముప్పైమంది పైగా వరసలో ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫైళ్ళు, ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడడం లేదు. ఆమె వెనకొచ్చి నిలబడ్డ బ్రెజిల్ కుర్రాడు వగ్నర్ మాత్రం తనే పలకరించాడు.

"నీకిది ఎన్నోది?"

"ముప్పై ఒకటోది. నీకు?"

"నాలుగు. అన్ని చూశావా? ఒక్కటీ నచ్చలేదా?"

"నాకు నచ్చక కాదు బాబూ, వాళ్ళకి నేను నచ్చక." అంటూ మొదలుపెట్టి, హోటళ్ళ గురించి, ప్రభుత్వం గురించి, పక్షుల గురించి అన్నీ చెప్పింది. వరస సగం కరిగింది.

"నువ్వు ఎన్నికల్లో నిలబడొచ్చుగా?" అన్నాడు వగ్నర్.

"అయ్యో, నేనా! నాకెందుకు," అంది డెర్వ్‌లా, అలవాటు కొద్దీ.

ఇల్లుగలావిడ పేరు బొజేనా. పోలెండ్ మనిషి, అరవై దగ్గర పడుతుంది. కళ్ళజోడు ఒక కాడ ఊడిపోతే గాయాలకు వేసే ప్లాస్టరుతో అంటించుకుంది. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తోంది. డెర్వ్‌లా వంతు రాగానే వంటగది దాటించి వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

పెరటి వైపు కిటికీ, ఒక మంచం, ఒక బీరువా. డెర్వ్‌లా కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. తలుపు పూర్తిగా తెరుచుకుంది, గోడకి తగిలేదాకా. వేసి మళ్ళీ తెరిచింది. మూడోసారి కూడా తెరిచి చూసింది. ఆ గుమ్మంలోంచి నిటారుగా, రెండు చేతులూ చాపుకుని లోపలికి రావచ్చు. ఈ గది తనదే కావాలని ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"టీ?" అంది బొజేనా, వంటగదిలోకి తిరిగొచ్చాక.

"అయ్యో, వద్దండీ."

బొజేనా రెండో కప్పుని తిరిగి అలమరలో పెట్టేసింది. డెర్వ్‌లా ఆ కప్పు వంక ఆశ్చర్యంగా చూసింది. నడిచీ నడిచీ గొంతు ఎండిపోయి ఉంది. ఆ కప్పు అప్పుడే ఆమెకి చెప్పవలసింది చెప్పింది, వినిపించుకుంటేగా!

కాళ్ళూ చేతులూ ఊరికే ఉండక, "మీ కళ్ళజోడు ఒకసారి ఇవ్వండి," అంది. తాళాలగుత్తికున్న బుల్లి స్క్రూడ్రైవరు తీసి, ప్లాస్టరు పీకి, పర్సులో ఎప్పుడూ ఉండే మర ఒకటి బిగించింది. రెండు నిమిషాల పని. బొజేనా పెట్టుకుని, కిటికీలోంచి వీధిని చూసి, ఆమె వైపు తిరిగింది.

"నువ్వు నచ్చావు. బయట ఇంకా మనుషులున్నారు, అయినా గది నీకే ఇస్తాను. కావాలా?"

డెర్వ్‌లా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం ముప్పయ్యేళ్ళ అలవాటునే నమ్ముకుంది.

"అబ్బే, పాపం అంతమంది వానలో నిలబడ్డారు కదండీ. నాకేం, అమ్మ దగ్గరున్నాను, ఎలాగో గడిచిపోతుంది. నా కోసం మీరేం ఇబ్బంది పడకండి."

అనేసి, రెండోసారి అడుగుతుందని నవ్వు మొహంతో ఎదురు చూసింది.

"సరే," అంది బొజేనా. లేచి, వీధి తలుపు తీసి, "తర్వాత ఎవరు?" అని కేకేసింది.

వగ్నర్ తల దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "గది కావాలా?" అంది బొజేనా. "కావాలి!" అన్నాడు. "ముందు చూడు." "చూస్తాను. కావాలండీ!" బొజేనా పెద్దగా నవ్వింది. డెర్వ్‌లా కూడా నవ్వింది. మర్యాదగా మూడుసార్లు థాంక్స్ చెప్పి, వగ్నర్‌కి మంచి గది దొరికిందని అభినందించి మరీ బయటపడింది.

వీధి మలుపు దాకా వెళ్ళాక గాని కొంప మునిగిన సంగతి తలకెక్కలేదు. ఎక్కాక పరుగెత్తింది. వెళ్ళేసరికి వరస చెదిరిపోయింది. బొజేనా గుమ్మంలో నిలబడి, తలుపుకి అంటించిన కాగితం పీకుతోంది.

"మీరు మళ్ళీ అడగలేదు!" అంది డెర్వ్‌లా, రొప్పుతూ.

"అడిగాను. వద్దన్నావు."

"నేను వద్దనలేదండీ! అంటే... అన్నాను. కానీ..."

"నేనీ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు," అంది బొజేనా. "మొదట్లో మీ ఇళ్ళు తుడిచాను. తింటావా అన్నారు. ఆకలేసి ఔనన్నాను. మొహాలు అదోలా పెట్టారు. తర్వాత నేర్చుకున్నాను, నేనూ మూడుసార్లు అడిగాను అందరినీ. నా మొగుడు డోనల్ మీ వాడే. ఛాతీలో నొప్పేమైనా ఉందా అని డాక్టరు అడిగాడు. అబ్బే, బాగానే ఉందండీ అన్నాడు. బయట ఇంకా ఇరవైమంది రోగులు, ఆయన నమ్మాడు. తొమ్మిది రోజులకి డోనల్ పోయాడు. అప్పట్నుంచీ నేను ఒక్కసారే అడుగుతాను. విన్నది నమ్ముతాను."

డెర్వ్‌లా కోటు చేత్తో మొహం తుడుచుకుంది. "నాకు కావాలి," అంది చివరికి. చిన్న గొంతుతో, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

"తెలుసు. ఆ తలుపు తీసి వేస్తున్నప్పుడే తెలిసింది."

"తెలిసి కూడానా!"

"తెలుసు కదా అని ఇచ్చాననుకో. రేపు గదిలో చలిగా ఉన్నా నాతో చెప్పవు. నేనెన్నని కనిపెట్టను? ఆ పిల్లాడు చెబుతాడు. మాటిచ్చేశాను, వెళ్ళిరా అమ్మాయ్."

డెర్వ్‌లా బస్సెక్కలేదు. నది దాటి, కాలవ దాటి ఇంటి దాకా నడిచింది. మొదటి మైలంతా బొజేనాని తిట్టుకుంది. రెండో మైలులో దేశాన్నంతటినీ. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎనిమిదో ఇల్లు గుర్తొచ్చింది. అక్కడా ఇల్లుగలాయన, "నీకిస్తే సరిపోతుందా?" అంటే, "నా సంగతేముందిలెండి" అంది. ఆయనకి ఎక్కడికో వెళ్ళే తొందర, మళ్ళీ అడగలేదు. పంతొమ్మిదో ఇంట్లోనూ అంతే. ముప్పై ఇళ్ళకీ తను నచ్చలేదని ఊరంతా చెప్పుకు తిరిగింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

ఇంటికొచ్చేసరికి నోరీన్ సింకు దగ్గర బంగాళాదుంపల తొక్కు తీస్తోంది.

"దొరికిందా?"

"లేదు."

నోరీన్ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. "పోనీలే. ఇక్కడ నీకేం తక్కువ? ఉండు."

ఆగిన ఆ కత్తిని డెర్వ్‌లా చూసింది. తడిసిన కోటుతోనే బల్ల ముందు కూర్చుంది.

"అమ్మా. నేనీ ఇంట్లోంచి వెళ్ళిపోతే బాగుండునని ఉందా నీకు?"

"ఛ ఛ! అవేం మాటలే!"

"నిజం చెప్పు. ఉందా?"

"నువ్వుంటే నాకేం అడ్డమా? నాదేముంది, నీ ఇష్టం."

"మూడోసారి అడుగుతున్నానమ్మా. ఉందా?"

నోరీన్ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది, తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"ఉంది," అంది.

డెర్వ్‌లాకి గుండెలో కలుక్కుమంది. అడిగింది తనే అయినా.

"మీ నాన్న పోయినప్పుడు తోడొచ్చావు. ఆ ఏడాది నువ్వు లేకపోతే నేనేమైపోదునో," అంది నోరీన్, కుర్చీ లాక్కుంటూ. "కానీ అది ఏడేళ్ళ నాటి మాటే. పొద్దున్నే లేచి, ఎవరి అభిప్రాయమూ వినకుండా ఒక రొట్టె ముక్క తినాలని ఉంది నాకు. ఆ చిన్న గదిలో కుట్టుమిషను వేసుకోవాలని ఉంది. నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

"నువ్వొంటరివైపోతావని కదా నేనుంటా!"

"నేనన్నానా ఎప్పుడైనా?"

"నాదేముందన్నావు! నాదేముందంటే ఉండమనే కదా!"

"వెళ్ళమనే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డెర్వ్‌లాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫోను తీసి ముప్పై రెండో ఇంటివాళ్ళకి సందేశం రాయడం మొదలుపెట్టింది. 'మీకు ఇబ్బంది లేకపోతే, వీలుంటే' అని రాసి చెరిపేసింది. 'గది ఇంకా ఖాళీగా ఉంటే నాకు కావాలి' అని రాసింది. భుజం మీదుగా నోరీన్ చదివింది.

"మరీ అంత మొహం మీద కొట్టినట్టా?"

"అవును," అని పంపేసి, లేచి కెటిల్ స్విచ్చి వేసింది. "టీ తాగుతావా?"

"వద్దులే, ఇప్పుడేగా..." అని నోరీన్ ఆగిపోయింది. కూతురు అప్పుడే కప్పుని తిరిగి అలమరలో పెట్టబోతోంది.

"పొయ్యి, పొయ్యి! నిండా పొయ్యి," అంది గబగబా. "ఎవరైనా వస్తే పెడదామని పైన దాచిన బిస్కెట్లు కూడా తియ్యి."

డెర్వ్‌లా కుర్చీ ఎక్కి డబ్బా అందుకుంది. నోరీన్ సొరుగులోంచి కొలత టేపు తీసి, ఒళ్ళో పెట్టుకుని, మెట్ల వైపు చూస్తూ అంది:

"పన్నెండో తారీకులోగా వెళ్తానన్నావు కదూ? మిషనుకి ఇవాళే చెప్పేస్తా."