గంగరత్నం ఫోటోకి బొట్టు

మీనాక్షి అమెరికా వెళ్ళింది కూతురు అలేఖ్యని చూడ్డానికేనని కాకినాడలో అందరూ అనుకున్నారు. అసలు సంగతి ఆవిడతో కూడా వెళ్ళిన భర్త రామమోహన్ ఒక్కడికే తెలుసు. ఆవిడ వెళ్ళింది తాత చావు కబురు తెచ్చుకోవడానికి.

తాత అంటే నాన్నకి నాన్న, ఓలేటి సత్తిరాజు. కోరంగి మనిషి, ఓడల్లో పనిచేసేవాడు. పెళ్ళాం గంగరత్నాన్నీ, ఇద్దరు పసిపిల్లల్నీ వదిలి ఓడెక్కినవాడు మరి తిరిగి రాలేదు. తోటి ఓడవాళ్ళు వచ్చి, "అమెరికాలో దిగిపోయాడమ్మా. డెట్రాయిట్ అంట, కార్లు చేసే ఊరంట, అటే ఎల్లాడు" అని చెప్పారు. ఆ తరవాత ఉన్నాడో పోయాడో ఒక్క ముక్క తెలియదు.

గంగరత్నం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఎండుచేపల వ్యాపారం పెట్టి, బేరాల్లో మగాళ్ళకి మూడు చెరువుల నీళ్ళు తాగించి, కొడుకులిద్దర్నీ చదివించింది. మొహాన రూపాయి కాసంత బొట్టు మాత్రం ఒక్కరోజు మానలేదు. "ఎప్పుడో పోయిన మొగుడికి ఇంకా బొట్టేంటే?" అని ఎవరైనా నోరు జారితే, "ఆడు పోతే ముందు నాకు తెలీదేంటి? నువ్వెల్లి చూసొచ్చావా?" అని అక్కడికక్కడే కడిగేసేది.

ఆవిడ 1969లో పోయింది. శవాన్ని లేపేముందు పెద్దలు పంచాయితీ పెట్టారు. ముత్తయిదువుగా సాగనంపాలా, వద్దా? మొగుడి జాడ లేక ఇన్నేళ్ళయింది కాబట్టి పోయినట్టే లెక్కని తేల్చి, తడిగుడ్డతో బొట్టు తుడిచేశారు. పదకొండేళ్ళ మీనాక్షి గుమ్మం పక్కన నిలబడి చూసింది. నాయనమ్మ నుదురు అలా బోసిగా ఉండగా చూడ్డం అదే మొదలు. ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

తరవాత గోడకెక్కిన ఫోటోకీ బొట్టు లేదు. ఆ ఫోటో పెదనాన్న ఇంట్లో, దొడ్డమ్మ నాగమల్లేశ్వరి ఏలుబడిలో ఉంది. మీనాక్షి అడిగినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట. "తాత ఎప్పుడు పోయాడో కాయితం చూపించమ్మా, నా చేత్తో నేనే పెడతాను. తేడా పడితే ఇంటికి కీడు." తొంభైకి దగ్గరపడినా ఆ మాట మారలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ మొగుడు పెట్టిన తిండీ లేదు, కొన్న చీరా లేదు. అయినా అతగాడి చావు తేదీ తేలితే తప్ప ఆవిడ నుదుటికి దిక్కులేదు! లోకం తీరు అలా ఏడిసింది మరి.

అలాంటప్పుడు అలేఖ్యకి డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "అక్కడ మా తాత ఉన్నాడే!" అని మీనాక్షి ఎగిరి గంతేసింది.

"అమ్మా, ఎవరి పేరెంట్స్ అయినా నయాగరా చూపించమంటారు. నువ్వేంటి, కౌంటీ క్లర్క్ ఆఫీస్ చూపించమంటావు?" అంది అలేఖ్య, వచ్చిన వారానికే.

"నయాగరా ఎక్కడికీ పోదులే. పద."

కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. అక్కడ పోయినవాళ్ళ వివరాలు అక్కడి క్లర్క్ ఆఫీసులో ఉంటాయి. పేరూ, ఉజ్జాయింపుగా ఏ ఏళ్ళలో పోయాడో రాసి ఫీజు కడితే వెతికి పంపిస్తారు. అలేఖ్య ఆఫీస్‌కి సెలవు పెట్టి తీసుకెళ్ళింది, కాగితాలు ఫిల్ చేసింది. కొన్నాళ్ళకి కవరు వచ్చింది. మీనాక్షి వంటింట్లోనే చింపి చూసింది. పైన "ఎస్. రాజు, ఇండియన్". పక్కనే పోయిన ఏడాది, 1958.

నాయనమ్మ కంటే పదకొండేళ్ళ ముందు.

ఆవిడ ఇంకో అక్షరం చదవలేదు. కాగితం గట్టుమీద పెట్టేసి, కట్టుకున్న చీరతోనే బాత్రూమ్‌లోకి వెళ్ళి షవర్ కింద నిలబడింది. పోయి ఎన్నేళ్ళయినా సరే, అయినవాళ్ళ కబురు చెవిన పడ్డ క్షణాన స్నానం చెయ్యాలి. మైల పాతదైనా నీళ్ళు కొత్తవి పడాల్సిందే. నీళ్ళతోపాటు ఆవిడ కన్నీళ్ళూ కారాయి. పెద్దలే గెలిచారన్నమాట. నాయనమ్మ అంత గట్టిగా నమ్మింది అబద్ధమే అన్నమాట.

ఈలోగా రామమోహన్ కాగితం అందుకున్నాడు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ కాగితాన్నయినా కిందనుంచి పైకి చదవడం అలవాటు. చదివి, వెళ్ళి బాత్రూమ్ తలుపు బాదాడు.

"మీనాక్షీ! కట్టెయ్, నీళ్ళు కట్టెయ్! ఈయన మీ తాత కాదు!"

"ఏంటండీ?"

"పుట్టింది రంగూన్‌లో. పోయేనాటికి డెబ్బై రెండేళ్ళు. మీ తాతకి అప్పటికి యాభై. తండ్రి పేరు గురవయ్య. మీ ముత్తాత వీరాస్వామి కదా? ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయనకి తలారా స్నానం చేసేశావు!"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపటికి మీనాక్షి నవ్వు వినిపించింది. అలేఖ్య కంగారుగా పరుగెత్తుకొచ్చి, తండ్రి చెప్పింది విని గోడకి ఆనుకుని పడీపడీ నవ్వింది. తల తుడుచుకుంటూ బయటకొచ్చిన మీనాక్షి, "పోన్లెండి పాపం. ఈ దేశంలో ఆయనకెవరు స్నానం చేసుంటారు? నా చేతిమీదుగా అయింది" అంది. ఆ పూట ఆ రంగూన్ రాజుగారి పేరున దేవుడి దగ్గర ఒక దీపం కూడా పెట్టింది.

కానీ ఆ కౌంటీలో ఇంకో రాజు దొరకలేదు. పక్క కౌంటీలోనూ లేడన్నారు. తిరుగు ప్రయాణం దగ్గరపడుతోంది. మీనాక్షికి అన్నం సయించడం లేదు. చూడలేక అలేఖ్య ఒక శనివారం ఇద్దర్నీ లైబ్రరీకి డ్రైవ్ చేసుకుని తీసుకెళ్ళింది. అక్కడ డోనా అని ఒక లైబ్రేరియన్, ఇలాంటి వెతుకులాటలంటే ప్రాణం పెట్టే మనిషి. అంతా విని ఆవిడ అన్న మాటల్ని అలేఖ్య తెలుగులో చెప్పింది: "సర్టిఫికెట్‌లో జబ్బు పేరుంటుందట, ఆబిచ్యువరీలో చుట్టాల పేర్లుంటాయట. పాత పేపర్లలో పడ్డ చావు కబుర్లు చూద్దాం అంటోంది."

కంప్యూటర్‌లో పేరు కొడితే ఏమీ రాలేదు. రకరకాలుగా కొట్టి చూశారు. డోనా కళ్ళజోడు తీసి పెట్టేసింది.

మీనాక్షి కుర్చీలో ముందుకు జరిగింది. "పేరు వదిలెయ్యమను. ఊరు కొట్టమను. మా కోరంగోళ్ళం ఎక్కడికెల్లినా ఊరి పేరు చెప్పకుండా నోరు ముయ్యలేం."

డోనా కోరంగి అని కొట్టింది. ఒకే ఒక్కటి వచ్చింది. ఉత్తరాన, డెట్రాయిట్‌కి చాలా దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి పేపర్, 1974 మార్చి. అలేఖ్య చదువుతూ తెలుగులో చెప్పసాగింది.

"సత్తి రాజు, స్పెల్లింగ్ మాత్రం ఏదో వింతగా రాశారు, అరవై ఆరేళ్ళు, మంగళవారం చనిపోయారు. ఇండియాలో కోరంగి అనే రేవులో పుట్టారు. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో చాలా ఏళ్ళు పనిచేశారు. శుక్రవారాల్లో చర్చి కిచెన్‌లో అందరికీ చేపలు వండేవారు. కారం తగ్గించమని ఎంత బతిమాలినా ఒప్పుకునేవారు కాదని ఫ్రెండ్స్ చెప్పారు..."

"మా తాతే," అంది మీనాక్షి. "వెధవ కారం! మా ఇంటి కారమే!" అంటూ కుర్చీలోంచి లేవబోయింది.

రామమోహన్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఆగవే బాబూ. ఈసారి మొత్తం చదివాక తడుద్దువుగాని."

అలేఖ్య చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి చదివింది. "ఆయనకి భార్య గంగ, ఇద్దరు కొడుకులు. ఇండియాలో ఉన్నారు."

1974. నాయనమ్మ పోయి అప్పటికి ఐదేళ్ళు. ఆవిడ పోయేనాటికి ఈయన ఇక్కడ నిక్షేపంలా చేపలు వేయిస్తున్నాడు. ఆవిడ మాటే నిజం. అంతకంటే పెద్ద సంగతి, ఆవిడ పోయిందని ఈయనకీ తెలియదు.

మీనాక్షికి ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "ఊరందరికీ చేపలు వండి పెట్టాడు గానీ ఇంటికి ఒక్క కార్డు ముక్క రాయడానికి చెయ్యి రాలేదేంటండీ ఈయనకి!" అని లైబ్రరీ అని కూడా చూడకుండా అరిచింది. తెలుగు ముక్క రాకపోయినా డోనాకి అంతా అర్థమైంది. టిష్యూల డబ్బా ఆవిడ ముందుకి జరిపి, తనూ ఒకటి తీసుకుంది.

ఆ ఊరి కౌంటీ నుంచి సర్టిఫికెట్ కూడా తెప్పించారు. దొడ్డమ్మకి పేపర్ ముక్క చాలదు. పుట్టింది కోరంగి, తండ్రి వీరాస్వామి, వివాహితుడు. మీనాక్షి పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చదివి, రామమోహన్ చేత కూడా చదివించి, అప్పుడు వెళ్ళి తలారా స్నానం చేసింది. చేస్తున్నంతసేపూ ఆవిడ కూనిరాగం బయటికి వినిపిస్తూనే ఉంది. చావు స్నానానికి పాటేంటని రామమోహన్ అడగలేదు.

స్నానమయ్యాక కాకినాడకి వీడియో కాల్ చేశారు. దొడ్డమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అలేఖ్య చూపించిన కాగితాన్ని తెరమీద తేరిపార చూసింది. తేదీ రెండుసార్లు చదివించుకుంది. పేపర్‌లో పడ్డ కబురు కూడా చదివించుకుంది.

"ఆ రోజు తడిగుడ్డ ఇచ్చింది నేనేనమ్మాయ్," అంది చివరికి. "పెద్దోళ్ళు అడిగారు, ఇచ్చేశాను."

ఆ ముసలి మొహం చూస్తుంటే ఇన్నేళ్ళ కోపం ఎటు పోయిందో మీనాక్షికే తెలియలేదు. "ఇప్పుడు కుంకుమ కూడా నువ్వే పెట్టు దొడ్డమ్మా," అంది.

నాగమల్లేశ్వరి గోడమీది ఫోటో దింపించి ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. కుంకుమ తడిపి, చిటికెన వేలితో కాదు, బొటనవేలితో అద్దింది. రూపాయి కాసంత బొట్టు. "ఒంకరొచ్చిందేంటి? చూడు, సరిగ్గా చూసి చెప్పు. ఒంకర పెడితే మా అత్త ఊరుకోదు."

"తిన్నగానే ఉంది దొడ్డమ్మా."

నాగమల్లేశ్వరి ఫోటోని మొహం దగ్గరికి తెచ్చుకుంది. నాయనమ్మకి చివర్లో చెవుడు ఉండేది. ఆవిడకి వినపడాలన్నట్టు గట్టిగా చెప్పింది.

"అత్తా! మావకి కూడా ఆఖరిదాకా నువ్వు బతికే ఉన్నావంట!"