పదిహేడో అంకె

నాకు శుభ్రం పిచ్చి. హాస్టల్లో మంచం కింద దుమ్ముంటే నిద్ర పట్టదు. లెక్కల్లో పొంతన లేని అంకె ఉంటే అన్నం సయించదు. ఏసోబు పేరును ఆ పిచ్చితోనే కొట్టేశాను.

మార్చిలో నల్లమల తగలబడుతుంటే ముగ్గురం కలిశాం. స్టాటిస్టిక్స్ చదివే నేను, నర్సింగ్ చదివే జెనీఫర్, ఇంజినీరింగ్ చదివే అభిలాష్. పచ్చి కొమ్మలతో కొట్టి మంటలార్పే కూలీల ఊపిరితిత్తులను పొగ ఏం చేస్తోందో తేల్చాలని మా పంతం. అభిలాష్ పొగ కొలిచే పెట్టె తయారు చేశాడు. జెనీఫర్ నలభై మంది చేత గొట్టంలో ఊదించి, ఎవరెంత బలంగా ఊదారో రాసుకుంది. ఊపిరిలో తేడా ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తామని అందరికీ మాటిచ్చాం.

పదిహేడోవాడు ఏసోబు. మిగతావాళ్లలో చాలామంది మూడువందల యాభై, నాలుగువందలు ఊదితే అతను నూటపదే ఊదాడు. దగ్గుందా అన్నా అని జెనీఫర్ అడిగితే లేదని తలూపాడు. ఉందంటే మేస్త్రీ మర్నాటి నుంచి పనికి పిలవడని మాకేం తెలుసు?

అమీర్‌పేటలో మా హాస్టల్ విజిటర్స్ గదిలో కూర్చుని ఆ అంకెలు ముందేసుకున్నాం. కింద వీధిలో నేను వెళ్లే కోచింగ్‌లో మొదటి వారమే చెప్పారు, గుంపుకు దూరంగా ఉన్న అంకెను ముందు ఏరిపారెయ్యమని.

"ఇతను సరిగ్గా ఊదలేదు. తీసేస్తున్నా," అన్నాను.

"గొట్టం సుత జర ఖరాబైనట్టుంది," అన్నాడు అభిలాష్.

"మళ్లొకసారి ఊదించి చూద్దాం మంజూషా," అంది జెనీఫర్.

"ఒక్కడి కోసం మళ్లీ అడవికి వెళ్తామా ఏంటి?"

కొట్టేశాను. లెక్క చక్కగా కుదిరింది. కాస్త తేడా కనిపించిన ముగ్గురు కూలీలకు ఫోన్లు చేశాం. కాలేజీలో మా రిపోర్టుకు చప్పట్లు కొడితే సిగ్గు లేకుండా నవ్వాను.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం జెనీఫర్ ఫోన్ చేసింది. పంజాగుట్టలో ఆమె ట్రైనింగ్ చేసే ఆసుపత్రికి ఏసోబును తెచ్చారట. మెట్రోలో ఒక్క స్టేషన్.

ఏసోబు ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్లు తెరవడం లేదు. పక్కనే అతని భార్య లచ్చమ్మ. అడవిలో మాకు మంచినీళ్లు ఇచ్చిన మనిషే. నన్ను గుర్తుపట్టింది.

"తేడా ఉంటే ఫోన్ చేస్తమన్నరు గదా బిడ్డా. రోజూ ఎదురుచూసినం. రాకపోయేసరికి మంచిగనే ఉన్నడనుకున్నం. మళ్ల మంటలకాడికి నేనే పంపిన."

తప్పు తన మీద వేసుకుంటోంది. అది వింటూ ఊరుకోలేకపోయాను.

"మీ తప్పు కాదమ్మా. ఆయన అందరికన్నా మరీ తక్కువ ఊదాడు. సరిగ్గా ఊదలేదనుకుని పేరు నేనే కొట్టేశాను."

లచ్చమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తక్కువ ఊదిండంటే, అందరికన్న ఆయనకే ఎక్కువ బాగలేదని గదా?"

అవునని తలూపాను. సాయంత్రానికి ఏసోబు పోయాడు.