చౌడు నేలల థీసిస్

రేపల్లె నుంచి బస్సులో బాపట్ల వ్యవసాయ గ్రంథాలయానికి చేరేసరికి నాగలక్ష్మికి రోజూ ఆలస్యమే. అప్పటికే తెనాలి నుంచి వచ్చిన సుమ కిటికీ పక్క బల్ల దగ్గర చదువుకుంటూ ఉండేది. ఇద్దరూ ఒకే సార్ దగ్గర చౌడు నేలల మీద పరిశోధన చేస్తున్నారు. లైబ్రేరియన్‌గారు సుమకి కావలసిన పుస్తకాలు అడక్కముందే తీసిపెట్టేవారు. అది చూస్తే నాగలక్ష్మికి ఒళ్లు మండేది.

రేపల్లె చౌడు మీద పాత థీసిస్ ఒక్కటే కాపీ ఉంది. అది కూడా సుమ బల్ల మీదే కనిపించింది. "మా ఊరి నేలతో ఈ తెనాలి పిల్లకేం పని?" అనుకుని, సుమ భోజనానికి లేవగానే దాన్ని తీసి చెరకు పుస్తకాల వెనక దాచేసింది.

మర్నాడు సుమ ఎదురొచ్చింది. "అక్కా, ఆ థీసిస్ కనపడట్లేదు. నీకు పనికొస్తుందని నిన్న పొద్దున సగం పేజీలు ఫోటోలు తీసి పంపాను, చూశావా?"

నాగలక్ష్మి ఫోను తెరిచింది. సుమ పంపిన పేజీలు వరసగా ఉన్నాయి. వెళ్లి థీసిస్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ దొరికింది?"

"నేనే దాచాను."

సుమ మొహం చిన్నబోయింది. "అడిగితే ముందు నీకే ఇచ్చేదాన్ని కదక్కా," అని పక్క కుర్చీ లాగింది.

నాగలక్ష్మి కూర్చుంది. నాలుగు తిట్టినా బావుండేదనిపించింది. మంచితనంలో కూడా సుమే ముందుండటం ఆమెకి అస్సలు మింగుడుపడలేదు.