చక్రాల గోడ

వీధి చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డును, వీధివాళ్లంతా కూడి పనీపాటా చేసుకునే చోటుగా మార్చే బాధ్యత ఆ వీధి కోడలికే దక్కింది. ఆమె ఆర్కిటెక్టు. ఉన్న గోడలూ కప్పూ కూల్చకూడదనీ, కొత్త సరుకు వీలైనంత తక్కువ వాడాలనీ ఆమె పట్టుదల.

మొదటి సమావేశంలో అట్టతో చేసిన నమూనా చూపించింది. అందరూ “బాగుందమ్మా” అని లేచి వెళ్లిపోయారు. ఆమె సంతోషంగా ఇల్లు చేరింది.

“బాగుందంటే ఇక వదిలెయ్యమని అర్థం,” అంది అత్తగారు. “నీ కూర తిన్న మొదటిరోజు నేనూ అదే అన్నాను.”

కోడలికి నవ్వొచ్చింది, ఆలోచనా వచ్చింది. ఆదివారం షెడ్డు నేలమీద సుద్దతో అసలు కొలతల్లోనే గదులు గీసింది. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని నచ్చినచోట కూర్చోమంది.

మధ్యాహ్నానికి వీధిలో సగంమంది అక్కడే ఉన్నారు. ఆమె సామాన్ల గది గీసిన మూలకే గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి. అత్తగారు కుట్టుమిషను వేయించుకుని, తన కుట్టుపని జట్టుతో అక్కడే తిష్ఠ వేసింది. పక్కనే క్యారమ్స్ బల్ల దించాడు మైకు బాబాయి. ఆయన గుసగుసలాడినా మూడిళ్లకు వినిపిస్తుంది.

“మీ మిషను అదురుకి నా గురి తప్పుతోంది వదినగారూ.”

“మీ గొంతుకి నా సూదిలో దారం జారిపోతోంది అన్నయ్యగారూ.”

కోడలి పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారి పక్షమంటే వీధి ఊరుకోదు. కాదంటే ఇల్లు ఊరుకోదు. సామాన్ల గదిని చీకటి మూలకు మార్చి, ఇద్దరి మధ్యా గోడ గీసింది. కుట్టేవాళ్లు ఎక్కువయ్యారని అటు జరిపింది, ఆటగాళ్లు పెరిగారని ఇటు జరిపింది. గీసీ తుడిచీ ఆమె కొంగు తెల్లబడింది.

“ఇన్నిసార్లు జరిపే బదులు జరిగే గోడే కడదాం,” అంది చివరికి.

వడ్రంగి పాత చెక్క కావాలన్నాడు. అటకలమీదా పెరళ్లలోనూ పడున్న తలుపులు ఇంటికొకటి చొప్పున వచ్చాయి. బాబాయి తెచ్చింది తన పాత వంటింటి తలుపు. గొళ్లెం బాగా కిందికి ఉంది.

“మా ఆవిడ పొట్టిది కదా, తనకి అందేలా పెట్టించాను,” అన్నాడు. ఆ ఒక్కమాటా మెల్లగా అన్నాడు.

అత్తగారు గొళ్లెం తడిమింది. “తను ఉన్నన్నాళ్లూ ఈ తలుపు ఎన్నిసార్లు తట్టానో. నాకు కాజాలు కుట్టడం నేర్పింది తనే,” అంది. “ఇది మా వైపుకి కనబడేలా బిగించనిస్తారా అన్నయ్యగారూ?” అని అడిగింది.

ఆయన తలూపాడు. వడ్రంగి తలుపులన్నీ జోడించి, కింద చక్రాలు వేశాడు. దేని రంగు దానిదే.

షెడ్డు తెరిచిన సాయంత్రం వాన పట్టుకుంది. దారినపోయేవాళ్లు కూడా లోపలికొచ్చారు. చోటు చాలక గోడను పక్కకు నెట్టేశారు. వాన వెలిసినా ఎవరూ కదలలేదు. భార్యనూ తల్లినీ తీసుకెళ్దామని గొడుగుతో వచ్చిన అత్తగారి కొడుకును బాబాయి భుజంపట్టి ఆటలో కూర్చోబెట్టాడు. కోడలు గడపమీద కూర్చుని, చెప్పులతో నిండిపోయిన మెట్లను చూసుకుంటూ, ఈ మెట్లు ఇంకాస్త వెడల్పు చేస్తే బాగుంటుందనుకుంది.