శికంజా కింద అక్షరాలు

ఉబ్బిన ల్యాప్‌టాప్‌ను నేను శికంజాలో పెట్టి బిగించాను. ఎవరో చెప్పగా వినడం కంటే నా నోట వినడమే మేలని ముందే ఒప్పేసుకుంటున్నాను.

శికంజా అంటే రెండు ఇనుప పలకలు, వాటి పైన ఒక చక్రం. వానాకాలం చెమ్మకు వంకర తిరిగిన పెళ్లికార్డులను ఆ పలకల మధ్య పెట్టి చక్రం తిప్పితే పూట గడిచేసరికి చదునవుతాయి. మొఘల్‌పురాలో మా కార్డుల దుకాణం మా తాత పెట్టాడు, శికంజా కూడా ఆయన కొన్నదే. ఉబ్బింది ఏదైనా అందులో పెడితే దారికొస్తుందని మా ఇంట్లో మూడు తరాల నమ్మకం. అరవై ఆరేళ్లు వచ్చినా ఈ సీతారాం ఆ నమ్మకం వదల్లేదు.

నలభై ఏళ్లు తెలుగు కార్డులకు అక్షరాలు నేనే చేత్తో రాశాను. అచ్చు అక్షరాలు నాకు నచ్చవు. వాటి తలకట్టు ఎవరో టోపీ తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. నాది కొమ్మకు చిగురు వేసినట్టు ఉంటుందని ఊళ్లో అంటారు. ఇందులో నా గొప్ప కూడా కొంత కలిసింది, కాదనను.

మూడేళ్ల కిందట నా కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట టీ ఒలికింది, తర్వాత సిరా ఒలికింది. నేను ఎవరికీ చెప్పలేదు. మా కోడలు స్రవ్య మాత్రం చెత్తబుట్టలో పడేసిన కాగితాలు చూసి కనిపెట్టింది.

"ఇంకా రాయగలిగినప్పుడే అన్నీ రాసియ్యుండ్రి మామయ్యా," అంది. "మీ అక్షరాలు కంప్యూటర్ల పెడత. రేపు మీ చెయ్యి ఎట్లున్నా ఫికర్ లేదు."

అక్షరాలు యాభై ఆరే కదా, వారం రోజుల పని అనుకున్నాను. గుణింతాలు, ఒత్తులు, అంకెలు అన్నీ కలిపి ఆరు వందల ఎనభై నాలుగు ఆకారాలు తేలాయి. ఏడాదిన్నర పట్టింది. చివరి రెండు నెలలూ కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని రాశాను. పని పూర్తయిన కొద్ది రోజులకే నా సంతకం నేను పెట్టలేని స్థితికి వచ్చాను.

ఒకనాడు పొద్దున స్రవ్య ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి ఒక మీట నొక్కింది. తెర మీద నా 'శ్రీ' నిలబడింది. ముప్పై ఏళ్ల వయసులో నేను రాసినట్టే ఉంది, ఇసుమంత వణుకు లేదు. నేను గద్దె మీద నుంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. ఇంటికి పెద్దవాళ్లు వస్తే లేస్తాం చూడండి, అలా లేచాను.

ఇక ఆ రోజు నుంచి ఆ యంత్రాన్ని యంత్రంలా చూడటం నావల్ల కాలేదు. మా దుకాణాల్లో గౌరవమైనది ఏదైనా గద్దె మీదే ఉండాలి. అందుకని దాన్ని దూది పరుపు గద్దె మీద, ఎర్ర మఖ్మల్ గుడ్డ పరిచి కూర్చోబెట్టాను. దుకాణం తెరవగానే దాని చుట్టూ మూడుసార్లు సాంబ్రాణి పొగ తిప్పేవాణ్ని. దుమ్ము పడకుండా, అది నడుస్తున్నప్పుడు కూడా పైన పట్టు కండువా కప్పేవాణ్ని. దానికి ఆకలి కాకూడదని ఛార్జర్ వైరు ఎప్పుడూ తీసేవాణ్ని కాదు.

స్రవ్య చెప్పకపోలేదు. "గద్దె మీద పెట్టకుండ్రి మామయ్యా. కిందికెల్లి గాలి పీల్చుకుంటది అది. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. చెక్క బల్ల మీద పెట్టుండ్రి."

"లక్ష్మిని తీస్కపోయి బల్ల మీద పెడ్తరా ఎవరన్న?" అన్నాను.

"ఎంత వేడైందో చెయ్యి పెట్టి చూడుండ్రి. ఆ కండువ తీయుండ్రి. పొగ గిట్ల దగ్గర పెడితే మసంతా లోపల్కి పోతది."

"నీ అంత చదువు నాకు లేదు గని, మర్యాద నాకు తెల్సు."

ఆమె ఇంకొకటి కూడా అడిగింది, ఆ అక్షరాలను మరో చోట కాపీ చేసి పెడతానని. ససేమిరా అన్నాను. రెండో కాపీ ఉందంటే మూడోది పుడుతుంది. వారం తిరక్కుండా ప్రతి కార్డుల దుకాణంలో నా తలకట్టు అమ్ముకుంటారు. నేను రాసిన కాగితాలేమో కిందటి వానలకు అటక కారి, తడిసి ముద్దయ్యాయి. అంటే నా నలభై ఏళ్ల చెయ్యి ఈ లోకంలో ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. దానికి నేనే కాపలా అని గర్వపడేవాణ్ని.

నిరుడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం చూస్తే ల్యాప్‌టాప్ మూత పడలేదు. మీటల కింద, వేలు జరిపే చోట, పూరీలా పొంగి ఉంది. స్రవ్య సంతోష్‌నగర్‌లో వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లింది. బయట ముసురు పట్టి ఉంది. చెమ్మకు కార్డులు ఉబ్బినట్టే ఇది కూడా ఉబ్బిందని నా బుద్ధికి తోచింది.

ఛార్జర్ వైరు తీయకుండానే మఖ్మల్ గుడ్డలో చుట్టి శికంజాలో పెట్టాను. ఎంత ప్రేమగా పెట్టానో చెబితే నవ్వుతారు. చక్రం ఒక చుట్టు తిప్పాను. కొంచెం అణిగింది. సంతోషించి ఇంకో అర చుట్టు తిప్పాను. లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది. ఆ వెంటనే తియ్యటి వాసన ఒకటి వచ్చింది, గోళ్ల రంగు సీసా తెరిచినట్టు.

అప్పుడే స్రవ్య గడపలో గొడుగు ముడుస్తోంది. ఆమె ముందు వాసన చూసింది, తర్వాత శికంజా చూసింది. ఆ పిల్ల ముఖం అంత తెల్లబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మామయ్యా, చెయ్యి తీయుండ్రి. బయటికి పోండ్రి."

"ఏమైంది? సగం అణిగింది..."

"అది బ్యాటరీ. నొక్కితే అంటుకుంటది. పోండ్రి మీరు."

నా మీద ఎన్నడూ గొంతు లేపని పిల్ల. నేను గల్లీలోకి వెళ్లి నిలబడ్డాను. ఆమె ఛార్జర్ వైరు గోడ దగ్గర పీకి, చక్రాన్ని మెల్లగా వదులు చేసి, ఎవరికో ఫోన్ చేసింది. అవతల చెప్పినట్టే చేసింది. పక్క ఇంట్లో గచ్చు పని కోసం పోసిన పొడి ఇసుక ఇనుప తట్టలో తెచ్చి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, మా అరుగు చివర రేకు కింద ఉంచింది. ఎవరూ దగ్గరికి పోకుండా నన్ను కాపలా పెట్టింది. కాపలా నాకు అలవాటే కదా.

"అక్షరాలు?" అని అడిగాను.

"ముందు మనం ఉండాలె గద మామయ్యా," అంది. కళ్లు తుడుచుకుంది. ఆ ఆరు వందల ఎనభై నాలుగూ ఆమెవి కూడా అని నాకు అప్పుడు తట్టింది. ఒక్కొక్క వంపును తెర మీద గంటల తరబడి సరిచేసింది ఆమె. సిగ్గుతో నా తల వాలిపోయింది.

ఫోన్‌లో మాట్లాడిన మనిషి, సుజన, ఇరవై నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. దబీర్‌పురా స్టేషన్ మెట్ల పక్కన కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆమెది. వాళ్ల నాన్న బాబురావు రైల్వేలో సిగ్నళ్లు చూసేవాడట. ముప్పై దాటని మనిషి, మెడలో చిన్న శిలువ, ముక్కు మీద కళ్లద్దాలు. ఏ అనుభవం గల మగమనిషో వస్తాడనుకున్న నేను ముఖం చిట్లించాను.

ఆమె నన్ను పట్టించుకోలేదు. తట్టకు రెండు గజాల దూరంలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంది. అలా గంట కూర్చుంది.

"ఎందుకు కూసున్నవమ్మా? పని మొదలుపెట్టు," అన్నాను.

"చూస్తున్న బాపూ. పొగ వస్తదా, వేడి పెరుగుతదా అని. తొందరపడితే చేతులు కాలుతయి."

కుంచెతో అక్షరం మొదలుపెట్టే ముందు నేనూ అలాగే కాగితాన్ని చూస్తూ కూర్చునేవాణ్ని.

తర్వాత ఆమె గ్లోవ్స్ తొడుక్కుని, కళ్లకు పెద్ద అద్దాలు పెట్టుకుని మరలు తీసింది. ఒక్కొక్క మర నా గోరులో సగం కూడా లేదు. ఒక్కటీ జారలేదు. అడుగు రేకు తీసి, "దూరంకెల్లి చూడుండ్రి," అంది.

చూశాను. ఆకుపచ్చ పలక మీద సన్నటి గీతలు, వందల గీతలు, ఒకదాన్ని ఒకటి తాకకుండా పక్కపక్కనే సాగి, ఎక్కడ వంగాలో అక్కడ అన్నీ కలిసి వంగాయి. చుక్కంత చోట పది గీతలు. నలభై ఏళ్లు గీతలు గీసినవాణ్ని, అంత నమ్మకమైన గీత నా జీవితంలో గీయలేదు. ఇంత పని ఇంత పలచని డబ్బాలో పట్టడమేమిటి? దీనికా నేను పరుపు వేసి ఊపిరాడకుండా చేసింది?

గాలి ఆడించే చిన్న రెక్కల చక్రం నల్లగా జిగటపట్టి ఉంది. అది సాంబ్రాణి మసి. దాని వెనక సందులో ఎర్రటి మఖ్మల్ నూగు ఉండ కట్టింది. నా భక్తి అంతా అక్కడ పేరుకుని ఉంది.

బ్యాటరీ మెత్తటి వెండిరంగు సంచులు, నాలుగు. మూడు తలగడల్లా పొంగాయి. నాలుగోదాని మూల, శికంజా పలక పడిన చోట, మడత పడి తడిగా ఉంది. సుజన ఇనుప పనిముట్టు పక్కన పెట్టేసి ప్లాస్టిక్ బద్దతో దాన్ని ఎత్తింది. ఊపిరి కూడా ఆపిందేమో, ఆమె భుజాలు కదల్లేదు. ఎత్తి ఇసుకలో పెట్టి, పైన ఇసుక పోసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎన్ని చుట్లు తిప్పిన్రు?"

"ఒకటిన్నర."

ఆమె తల ఊపింది. ఇంకో అర చుట్టు తిప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పలేదు. దుకాణం నిండా కాగితమే, పైన ఇల్లు. చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత పలక మీద నుంచి ఒక చిన్న బద్ద ఊడదీసింది. మేం కార్డులకు అంటించే జరీ పట్టీ ముక్కంత ఉంది.

"మీ అక్షరాలు ఇందులున్నయి. బాగుంటే ఉన్నట్టు. దీనిక్కూడ దెబ్బ తగిలుంటే నేను ఏం చెయ్యలేను బాపూ."

నా చేతికి ఇవ్వబోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వణికే చేత్తో దాన్ని పట్టుకునే ధైర్యం లేకపోయింది. స్రవ్య తీసుకుంది.

దబీర్‌పురాలో సుజన దుకాణం మా గద్దె అంతే ఉంటుంది. ఆ బద్దను ఒక చిన్న డబ్బాలో పెట్టి తన కంప్యూటర్‌కు తగిలించింది. ఏమీ కనబడలేదు. తీసి, చివర్లు మెత్తటి బ్రష్‌తో తుడిచి, మళ్లీ పెట్టింది. కనబడలేదు. స్రవ్య నా మోచెయ్యి పట్టుకుంది. పైన ప్లాట్‌ఫాం మీద రైలు వచ్చి ఆగింది, జనం దిగారు, రైలు వెళ్లిపోయింది. సుజన డబ్బా మార్చి మూడోసారి పెట్టింది.

తెర నిండా నా అక్షరాలు వచ్చాయి. అ నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఎక్కడా ఒక్క గీత చెదరలేదు. నేను ఆ ఇరుకు దుకాణంలో, ఇద్దరు ఆడపిల్లల ముందు, బాహాటంగా ఏడ్చాను. దాచుకోవాలనిపించలేదు.

"కాపీలు చేయాల్నా?" సుజన అడిగింది. స్రవ్య నా వైపు చూసింది.

"చెయ్యమ్మా," అన్నాను. "ఒకటి ఇంట్ల, ఒకటి దుకాణంల. ఇంకొకటి నీ దగ్గర ఉంచుకో."

"మాది కార్డుల దుకాణం గాదు బాపూ. నేనేం చేసుకుంట?"

"ఏమన్న రాసుకో. ఉండనీ."

ఆమె కొంచెంసేపు ఆలోచించి టైపు చేసింది. 'బ్యాటరీ ఉబ్బితే నొక్కవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. ఆపేసి మెల్లగా కింద పెట్టండి.' నాకు సిగ్గేసింది. అయినా రెండో వరస కొంచెం దించమన్నాను, ఒత్తులు ఊపిరాడక ఇరుక్కున్నాయి. ఆమె దించి, కాగితం తీసి, కౌంటర్ ముందు అద్దానికి అంటించింది.

పెళ్లి మాట తప్ప వేరే మాట రాయని అక్షరాలవి. నా చెయ్యి దగ్గర లేకుండా, నా కంటి ముందే, కొత్త మాట పలుకుతూ నిలబడ్డాయి.

స్టేషన్ మెట్లు దిగి అరటిపండ్ల బండివాడొకడు వచ్చాడు. ఫోన్ గాజు మార్చాలని అడగబోయి, కాగితం చూసి ఆగాడు. పెదాలు కదుపుతూ ఒక్కొక్క అక్షరం చదివాడు. రెండుసార్లు చదివాడు. అంగీ పైజేబులోంచి ఫోన్ తీశాడు. బ్యాటరీ ఉబ్బి దాని వీపు విచ్చుకుంటే రబ్బరు బ్యాండు చుట్టి, గుండె మీద పెట్టుకుని తిరుగుతున్నాడు ఆ మనిషి.

నలభై ఏళ్లు నా అక్షరాలు చదివినవాళ్లు పెళ్లికి పోయి భోజనం చేసి వచ్చారు. ఇతను రబ్బరు బ్యాండు విప్పి, రెండు చేతులతో ఆ ఫోన్‌ను మెల్లగా కౌంటర్ మీద పెట్టాడు.