మ్యాగ్నమ్ తూటాకి ప్రార్థన

కొత్త కారు కొంటే ప్రార్థన పెట్టుకుంటాం. కొత్త ఇంట్లో దిగినా పెట్టుకుంటాం. తుపాకీకి ప్రార్థన ఏమిటని అడిగితే మా ఆయన ఆమోసు నా మొహం కూడా చూడలేదు.

"వచ్చే వారం ఐడహో కొండల్లో ఎల్క్ వేటకి వెళ్తున్నాను. కొమ్ములున్న ఆంబోతంత దుప్పి అది. ప్రయాణం పెట్టుకుని ప్రార్థన వద్దంటావేమే?"

"ప్రార్థన వద్దనలేదండీ. ఆ తూటా వద్దంటున్నాను."

"ఎనిమిదితో బడి మానేసినదానివి. తూటాల సంగతి నీకేం తెలుసు?"

తెలుసు. దానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. సన్నీవేల్ ఆఫీసులో ఈయనతో పనిచేసే డేల్ మొదట తన పాత తుపాకీ ఇచ్చాడు. దానిలో వేసే తూటాని థర్టీ ఆట్ సిక్స్ అంటారు. గురి కుదిరితే ఎల్క్‌కి అది చాలని చెప్పి, తుపాకులు కాల్చే రేంజికి తీసుకెళ్ళి నేర్పించాడు. ఆ రోజు ఈయన ఇంటికి తెచ్చిన గురి అట్ట చూశాను. చిల్లులన్నీ నడిమధ్యన, టీ సాసరు బోర్లిస్తే కప్పేసేంత దగ్గరగా ఉన్నాయి. ఈయన మురిసిపోయాడు. నేనూ మురిశాను.

ఆ అట్టని చర్చికి పట్టుకెళ్ళడమే తప్పయింది. సుందర్ రాజ్ అన్నయ్య మా తెలుగు సంఘానికి పెద్ద. వాళ్ళ తాత కొల్లేట్లో బాతుల్ని కొట్టిన కథ ఆరాధన అయ్యాక ఎవరో ఒకరికి చెప్పకుండా ఇంటికి వెళ్ళడు.

"థర్టీ ఆట్ సిక్సా? కుందేళ్ళకి సరిపోద్ది తమ్ముడూ! అంత జంతువు మీదకి మ్యాగ్నమ్ లేకుండా వెళ్తావా? తెల్లవాళ్ళ ముందు మన పరువు తీయకు," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అంతే, డేల్ తుపాకీ డేల్‌కి వెళ్ళిపోయింది. మా ఇంటికి మందు ఎక్కువ దట్టించిన తూటాలు వేసే తుపాకీ, త్రీ థర్టీ ఎయిట్ మ్యాగ్నమ్ వచ్చింది. ఒక్కో తూటా నా చూపుడువేలంత ఉంది.

దాన్ని మొదటిసారి కాల్చిన రోజు నేనూ వెళ్ళాను. పాపని ఒళ్ళో పెట్టుకుని కారులో అద్దాలు బిగించుకుని కూర్చున్నాను. మొదటి దెబ్బకే తుపాకీ వెనక్కి తన్ని, దాని మీదున్న దుర్బిణి అంచు కనుబొమ్మకి తగిలింది. నెత్తురు కారింది. ఆ తరవాత మీట నొక్కబోయే ప్రతిసారీ ఈయన కళ్ళు మూసుకుపోవడం, ఒళ్ళు ముడుచుకుపోవడం అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. అట్ట మీద పైన ఒక చిల్లు, మూలన ఒక చిల్లు. మిగతావి అట్టకే తగల్లేదు. కనుబొమ్మ సంగతి అడిగినవాళ్ళందరికీ అలమర తలుపు తగిలిందని చెప్పాడు.

కమిలిన భుజానికి కాపడం పెట్టింది మాత్రం నేను. పెడుతూ చెప్పాను.

"గురి లేని తూటా ఎంత పెద్దదైతే ఏం లాభమండీ? కడుపులో తగిలి అది చావకుండా పరిగెడితే, మంచులో దాని వెనకాల మీరు పోవాలి. మీకేమైనా అయితే? నాకు కారు నడపడం కూడా రాదు. ఈ పసిదాన్ని వేసుకుని ఈ దేశంలో ఎక్కడికి పోను?"

"నోరు మంచిది చేసుకో," అన్నాడు.

శనివారం సాయంత్రం ప్రార్థనకి సంఘం వాళ్ళందరూ మా ఇంటికి వచ్చారు. బల్ల మీద తుపాకీ, పక్కన తూటాల డబ్బాలు, పుట్టినరోజు కేకు పెట్టినట్టు పెట్టాడు. గొలుసు ప్రార్థన మొదలైంది. ఒకరి ఆమేన్ అయ్యాక పక్కవాళ్ళు అందుకోవాలి. ఆ జంతువుని బ్రదర్ ఆమోసు చేతికి అప్పగించమని సుందర్ రాజ్ అన్నయ్య తీరిగ్గా ప్రార్థించి, "చెల్లెమ్మా వసంతా, నువ్వూ రెండు మాటలు," అన్నాడు.

ఎవరైనా ప్రార్థిస్తుంటే మధ్యలో ఆపడం మా సంఘంలో లేదు. కుక్కర్ కూత వేసినా ఆమేన్ దాకా ఎవరూ లేవరు. ఆ సంగతి నాకు కళ్ళు మూసుకున్నాకే తట్టింది.

"పరలోకమందున్న తండ్రీ, నీకు స్తోత్రం. నీ దాసుడైన ఆమోసుకి కనుబొమ్మ మీద గాయం చేసింది అలమర తలుపు కాదని నీకు తెలుసు తండ్రీ. ఈ తుపాకీయే చేసింది. అప్పట్నించీ ఆయన కళ్ళు మూసుకుని కాలుస్తున్నాడు. చిన్న తూటాతో గురి బాగా కుదిరింది ప్రభువా, ఆ అట్ట ఈ సంఘమంతా చూసింది. అది కుందేళ్ళకని నవ్వినవాళ్ళు కొండెక్కరు తండ్రీ. బాతుల కథ చెప్పుకుంటూ ఇక్కడే ఉంటారు..."

"స్తోత్రం!" అంది ఒక గొంతు. సుందర్ రాజ్ అన్నయ్య భార్య, లూసీ అక్క.

"...నోరులేని జంతువుని సగం చంపి వదిలేసే పాపం మా ఇంటికి వద్దు. ఒకరి మెప్పు కోసం నా బిడ్డకి తండ్రి లేకుండా చెయ్యకు. నీ దాసుడికి సిగ్గు తగ్గించి బుద్ధి పెంచు. ఆమేన్."

ఆమేన్ అనక తప్పదు కదా. గదంతా అంది. మా ఆయన అనలేదు.

అన్నం దగ్గర ఎవరూ వేట మాట ఎత్తలేదు. సుందర్ రాజ్ అన్నయ్య పెరుగు కూడా వేసుకోకుండా కోటు తొడుక్కున్నాడు. తలుపు పడగానే ఈయన వంటగదిలోకి వచ్చాడు.

"నలుగురిలో నా బట్టలూడదీశావు!"

"ఎవరూ లేనప్పుడు చెప్తే విన్నారా?"

"రేపు ఆయన మొహం ఎట్టా చూడను?"

"చూడకండి. ఆయన మొహం చూసే కదా ఆ తూటా కొన్నారు! దెబ్బ తగిలితే ఆయన వచ్చి కాపడం పెడతాడా? పాపకి అన్నం పెడతాడా?"

కమిలిన భుజం తడుముకున్నాడు. తరవాత గోడ మీది ఫోను తీశాడు.

"డేల్? ఆమోస్ హియర్. నీ పాత రైఫిల్... ఇంకెవరికైనా ఇచ్చేశావా?" అని ఇంగ్లీషులో అడిగాడు. అవతల డేల్ ఏమన్నాడో గాని, "థ్యాంక్యూ," అని మెల్లిగా పెట్టేశాడు.

ఆ మాట విన్నాక కూడా నా కోపం దిగలేదు. ఇంత చిన్న మాట కోసం దేవుణ్ణి నడుమ పెట్టాల్సి వచ్చింది. గిన్నెలు తోముతున్నాను, పక్కగదిలోకి వినపడేలా.